తాళం పడ్డ పరికరాలు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రిపేరు షాపుల చరిత్ర

కొన్న వస్తువు ఎవరి దగ్గర బాగవ్వాలో, అందులో ఎవరి విడిభాగం పట్టాలో తయారీదారే ముందుగా తేల్చిపెట్టే పద్ధతి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాలకు ప్రధానంగా సెల్‌ఫోనుతో వచ్చింది. విడిభాగం దొరకకపోవడం, దొరికినా ధర మండిపోవడం అక్కడి రిపేరు షాపులకు పాత సంగతే. వేరే భాగం వేస్తే వస్తువే దాన్ని గుర్తుపట్టి పనిచేయనని మొరాయించడం మాత్రం కొత్త.

ఈ మూడు ఊళ్లలో మరమ్మతు వృత్తి ఊపందుకున్నది నీళ్లతో. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో వరి పెరిగింది. వరి వెంట రైసు మిల్లులు, మిల్లుల వెంట మోటార్లు వచ్చాయి. కాలువ అందని ఊళ్లలో ఆయిల్ ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు, ఆ తర్వాత బోర్లలోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. లో వోల్టేజీ ఉన్నచోట మోటారు కాలడం మామూలే. కాలిన మోటారును హైదరాబాద్ మోసుకుపోయి తెచ్చేలోపు నారు ఎండిపోతుంది. అందుకే బస్టాండు పక్కన, మార్కెట్ యార్డు దారిలో వైండింగ్ షాపులు వెలిశాయి.

వైండింగ్ పనిలో రహస్యమంటూ ఏమీ లేదు. కాలిన చుట్టలు విప్పేటప్పుడే స్లాటుకు ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి, తీగ గేజీ కొలిచి, ఏ చుట్ట ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో రాసుకుంటారు. ఆ లెక్క ప్రకారమే కొత్త రాగి తీగ చుడతారు. మోటారు ఏ కంపెనీదన్న ప్రశ్నే రాదు. తయారీదారు కాగితం ఒక్కటీ ఇవ్వకపోయినా కావలసిన సమాచారమంతా ఆ వస్తువులోనే ఉంటుంది. చూపు, చేయి, ఓపిక ఉంటే చాలు.

రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీల కథ కూడా చాలావరకు ఇదే. వాల్వులకు, ట్రాన్సిస్టర్లకు, ఆపై ఐసీలకు అందరూ వాడే నంబర్లు ఉండేవి. ఒక కంపెనీ సెట్టులో పోయిన భాగానికి మరో కంపెనీ సెట్టులోని అదే నంబరు భాగం సరిపోయేది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ అయినా, మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడేర్ అయినా, ఢిల్లీ భాగాలతో బిగించిన అసెంబుల్డ్ సెట్టు అయినా ఒకే బల్ల మీద బాగయ్యేవి. సర్క్యూట్ బొమ్మల పుస్తకాలు కోఠిలో అమ్మేవారు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడలకు రెండువైపుల నుంచీ సరుకు అందేది: అటు కోఠి గుజరాతీ గల్లీ, రాణీగంజ్, ఇటు విజయవాడ గవర్నర్‌పేట, ఆటోనగర్. ఉదయం ఫోనులో చెప్పిన ఐసీ సాయంత్రానికి బస్సులో దిగేది. ఊళ్లో కంపెనీ సర్వీస్ సెంటర్ లేకపోవడమే ఈ షాపులకు బలమైంది.

సెల్‌ఫోనుతో ఈ పరిస్థితి మారింది. 2002 డిసెంబర్ 28న రిలయన్స్ ఇన్ఫోకామ్ సీడీఎంఏ ఫోన్లతో మార్కెట్లోకి దిగింది. అప్పటికే వాడుకలో ఉన్న జీఎస్ఎం పద్ధతి ఫోనులో సిమ్ కార్డు తీసి వేరే కంపెనీ సిమ్ వేసుకోవచ్చు. రిలయన్స్ ఫోనులో తీసి పెట్టుకోవడానికి కార్డే లేదు. నంబరు నేరుగా ఫోను జ్ఞాపకంలోనే రాసి ఉండేది. ప్రతి ఫోనుకు ఫ్యాక్టరీలో వేసిన 32 బిట్ల ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరు (ఈఎస్ఎన్), కంపెనీ ఇచ్చే పదంకెల మొబైల్ గుర్తింపు సంఖ్య, ఏ నెట్‌వర్కో చెప్పే సిస్టమ్ కోడు, ఈ మూడూ సరిపోలితేనే టవరు ఫోన్ను లోపలికి రానిచ్చేది.

ధీరూభాయ్ అంబానీ పయొనీర్ స్కీము కింద రూ. 10,500 విలువ చేసే ఫోన్ను మొదట రూ. 3,350 కట్టించుకుని ఇచ్చారు. ఆపైన మూడేళ్లపాటు నెలకు రూ. 600 కట్టాలి. లెక్క వేస్తే మూడేళ్లకు చెల్లింపు రూ. 24,950. మధ్యలో మానుకుంటే ఫోను అసలు ధరతో సహా కొన్ని బాకీలు తీర్చాలి. అప్పటిదాకా అది రిలయన్స్ నెట్‌వర్కులో తప్ప పనిచేయకుండా సాంకేతికంగా బిగించి ఉంటుంది. 2003 జులైలో వచ్చిన మాన్‌సూన్ హంగామా పథకం మొదటి చెల్లింపును రూ. 501కి దించింది. ఒక్కసారిగా పదివేలు పెట్టలేని ఇంటికి ఫోను వచ్చిందంటే ఈ పథకాలవల్లే. ఫోనుకు వేసిన తాళం వెనక నిజంగానే ఒక అప్పు ఉందని ఒప్పుకోవాలి. ఆ అప్పు తీరిన రోజున తాళం ఎవరు తీస్తారన్నదే అసలు చిక్కు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే సీడీఎంఏ పద్ధతిలో టాటా ఇండికామ్ కూడా సేవలు అమ్మేది. రెండు కంపెనీల ఫోన్లూ లోపల ఒకే రకం కాబట్టి రిలయన్స్ ఫోన్ను టాటాకు మార్చడం సాంకేతికంగా సాధ్యమే. 2003లో రిలయన్స్ హైదరాబాద్‌లో సీఐడీకి ఫిర్యాదు చేసింది. తమ చందాదారులను టాటా ఇండికామ్ సిబ్బంది ఆకర్షించి, శాంసంగ్ ఎన్191, ఎల్జీ 2030 ఫోన్లలోని ఈఎస్ఎన్‌ను మార్చి తమ నెట్‌వర్కులోకి తీసుకుంటున్నారన్నది ఆరోపణ. సీఐడీ నమోదు చేసిన 20/2003 నేరంలో నమ్మకద్రోహం, మోసం, కుట్ర సెక్షన్లతోపాటు ఐటీ చట్టం 65వ సెక్షన్, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ చేరాయి. టాటా ఇండికామ్ కేంద్రాల మీద దాడులు, అరెస్టులు జరిగాయి.

కేసు కొట్టేయాలని టాటా ఉద్యోగులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. వారి వాదన ఇవాళ చదివినా చురుగ్గానే ఉంటుంది. చందాదారుకు కంపెనీ మారే స్వేచ్ఛ ఎప్పుడూ ఉంటుందన్నారు. ఆ ఫోన్లలో రెండు లైన్లకు చోటుందని, రెండో చోటును తెరవడం నేరం కాదన్నారు. అసలు ఫోను కంప్యూటరే కాదు కాబట్టి కంప్యూటర్ల చట్టం దానికి వర్తించదన్నారు.

2005 జులై 29న జస్టిస్ వి.వి.ఎస్. రావు తీర్పు ఇచ్చారు. మోసం, నమ్మకద్రోహం, కుట్ర ఆరోపణలను కొట్టేశారు. సెల్‌ఫోను మాత్రం ఐటీ చట్టం నిర్వచనం ప్రకారం కంప్యూటరేనని, ఈఎస్ఎన్ లాంటి సంకేతాలు సోర్స్ కోడు కిందికి వస్తాయని, వాటిని మార్చడం ప్రాథమికంగా 65వ సెక్షన్ కిందికి వచ్చే నేరమని తేల్చారు. ఆ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దర్యాప్తు మూడు నెలల్లో ముగించమని ఆదేశించారు.

భారతీయ న్యాయకళాశాలల్లో ఈ తీర్పును సెల్‌ఫోను కంప్యూటరేనని చెప్పిన తొలి తీర్పుల్లో ఒకటిగా బోధిస్తారు. ఫోను తాళం చరిత్రలో దాని బరువు వేరే చోట ఉంది. బాకీ ఎగ్గొట్టిన చందాదారు మీద కంపెనీ సివిల్ దావా వేసుకోవచ్చు, అది ఇద్దరి మధ్య లెక్క. తీర్పు తర్వాత ఆ లెక్కతో సంబంధం లేని మూడో మనిషి, అంటే కంపెనీ ఉద్యోగి గానీ పక్క వీధి మెకానిక్ గానీ, జైలు భయంలో పడ్డాడు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఈ మూడు పట్టణాలూ అప్పట్లో ఆ హైకోర్టు పరిధిలోనివే.

అమెరికాలోనూ ఇదే తర్జనభర్జన జరిగింది. టెలిఫోను కంపెనీ అనుమతి లేని పరికరాన్ని లైనుకు తగిలించే హక్కు అక్కడి వినియోగదారులకు 1968లో కార్టర్‌ఫోన్ నిర్ణయంతో వచ్చింది. 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం డిజిటల్ తాళం తీయడాన్నే నేరం చేసింది. 2013 జనవరి తర్వాత కొన్న ఫోన్లను కంపెనీ అనుమతి లేకుండా అన్‌లాక్ చేయడం చట్టవిరుద్ధమై, జనం గొడవ చేశాక 2014 ఆగస్టులో ప్రత్యేక చట్టంతో మళ్లీ సక్రమమైంది. భారతదేశం 2012లో కాపీరైట్ చట్టానికి 65ఎ సెక్షన్ చేర్చినప్పుడు కొంత జాగ్రత్త పడింది. కాపీరైట్ హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే అది నేరం. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం తీస్తే కాదు. మరమ్మతు చేసేవాడికి ఇది అమెరికా చట్టం కన్నా మెరుగు. 2005 తీర్పు ఐటీ చట్టం మీద ఇచ్చిన వ్యాఖ్యానం మాత్రం దీనివల్ల చెరిగిపోలేదు.

ఇంతలో మార్కెట్ తన దారిన తాను పోయింది. నోకియా జీఎస్ఎం ఫోన్లు చవకయ్యాయి. వాటి వెనకే రెండు సిమ్ముల చైనా ఫోన్లు వచ్చిపడ్డాయి. సిమ్ మార్చుకునే వీలున్నంత కాలం తాళం గురించి ఎవరూ పట్టించుకోలేదు. చైనా ఫోన్లలో చాలావాటికి, ప్రతి ఫోన్నూ విడిగా గుర్తించే ఐఎంఈఐ నంబరే లేకపోవడంతో, 2009 నవంబర్ 30 అర్ధరాత్రి నుంచి అలాంటి ఫోన్లకు సేవలు ఆపాలని టెలికాం శాఖ ఆదేశించింది. ఆ గడువుకు ముందు టెలికాం కంపెనీల సంఘాలే రూ. 199 తీసుకుని ఫోనులో అసలు ఐఎంఈఐ ఎక్కించే ఏర్పాటు చేశాయి. ఫోను లోపలి సంఖ్యను మార్చడం ఒక గదిలో నేరం, మరో గదిలో అధికారిక సేవ. 2017లో వచ్చిన నిబంధనలు ఐఎంఈఐని మార్చడాన్ని నేరుగా శిక్షార్హం చేశాయి. దొంగ ఫోన్ల బెడద చూస్తే ఈ నిషేధానికి న్యాయం ఉంది. మరమ్మతుకూ దొంగతనానికీ ఒకే పనిముట్టు వాడటమే ఇక్కడి ఇబ్బంది.

2011 జనవరి 20న నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతా అమలైంది. నంబరుకు స్వేచ్ఛ వచ్చింది కానీ సీడీఎంఏ ఫోనుకు రాలేదు. నంబరు జీఎస్ఎం కంపెనీకి వెళ్తే పాత ఫోను పెట్టెలోకి వెళ్లేది. 2017లో రిలయన్స్ జియో తెచ్చిన జియోఫోన్ పాత పద్ధతిని కొత్త రూపంలో తిరిగి తెచ్చింది. రూ. 1,500 డిపాజిట్, మూడేళ్ల తర్వాత వాపసు, అందులో జియో సిమ్ తప్ప మరొకటి పనిచేయదు. ఈసారి పోలీసు కేసుల దాకా పోలేదు. తాళం తీసి మారుదామన్నా, జియో మాదిరి పూర్తిగా 4జీ వాయిస్ మీదే నడిచే మరో నెట్‌వర్కు అప్పటికి దేశంలో లేదు.

సెల్ పాయింట్లలో పని తీరు కూడా ఈ కాలంలో మారిపోయింది. మొదట్లో డిస్‌ప్లే, స్పీకర్, చార్జింగ్ పిన్ను మార్చడం, వేడి గాలితో ఐసీ లేపి మళ్లీ అంటించడం ఉండేవి. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే సగం పనైంది. దానికి కంప్యూటర్, కంపెనీ ఫైళ్లు, మిరాకిల్, యూఎంటీ లాంటి బాక్సులు, డాంగిళ్లు కావాలి. తాళాలు తీసే ఈ పనిముట్లకూ తాళం ఉంది: డాంగిల్ తగిలించనిదే నడవవు, చాలావాటికి గడువు తీరితే మళ్లీ డబ్బు కట్టాలి. తయారీదారు మీద ఆధారపడకుండా ఉందామనుకున్న షాపు ఊరూ పేరూ తెలియని మరో తయారీదారు మీద ఆధారపడుతోంది. ఖరీదైన ఫోన్లలో స్క్రీన్, బ్యాటరీ లాంటి భాగాలు బోర్డుతో సీరియల్ నంబరు ద్వారా ముడిపడ్డాక మరో చిక్కు వచ్చింది. అదే మోడల్ పాత ఫోను నుంచి తీసిన అసలు భాగం వేసినా తెర మీద హెచ్చరిక వస్తుంది, కొన్ని సౌకర్యాలు ఆగిపోతాయి. స్క్రాప్ బోర్డులు దాచుకుని బతికిన వృత్తికి ఇంతకన్నా గట్టి దెబ్బ లేదు.

టీవీ పక్కన చేరిన పెట్టెది మరో కథ. డీటీహెచ్ కంపెనీ ఏదైనా పెట్టె ఒకటే పనికిరావాలన్న షరతు 2001 నాటి లైసెన్సు నిబంధనల్లోనే ఉంది. ఆచరణలో ఒక కంపెనీ పెట్టె మరో కంపెనీ డిష్షుకు పనికిరాలేదు. దూరదర్శన్ 2004 డిసెంబర్లో మొదలుపెట్టిన ఉచిత డీటీహెచ్‌కు మాత్రం ఏ మామూలు పెట్టె అయినా సరిపోయేది. కేబుల్ డిజిటలీకరణలో పట్టణాలకు 2015 డిసెంబర్ 31, పల్లెలకు 2016 డిసెంబర్ 31 గడువుగా పెట్టాక ఇంటింటికీ సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరైంది. కేబుల్ ఆపరేటర్ మారితే పెట్టె మారాలి, మళ్లీ డబ్బు కట్టాలి. 2020 ఏప్రిల్ 11న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, డీటీహెచ్ పెట్టెలు ఏ డీటీహెచ్ కంపెనీకైనా, కేబుల్ పెట్టెలు ఏ కేబుల్ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు కాగితం దాటలేదు. అద్దె ఇల్లు మారే కుటుంబాల అటకల మీద పాత పెట్టెలు పేరుకుపోయాయి.

అన్ని పోరాటాలూ ఇలా ఓడిపోలేదు. నెగ్గినదాన్ని చూడాలంటే కాలేజీల పక్కనున్న జిరాక్స్ షాపులకు వెళ్లాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్లో పట్టే 12ఎ కాట్రిడ్జికి చిప్పు లేదు. స్క్రూలు విప్పి, పొడి నింపి, డ్రమ్ము మార్చి మళ్లీ మళ్లీ వాడేవారు. దరఖాస్తులు, హాల్ టికెట్లు, మీ సేవ కాగితాలతో నడిచే షాపుకు కొత్త కాట్రిడ్జి ధర గిట్టదు. ఆ ప్రింటర్ తయారీ ఆగిపోయాక కూడా సెకండ్‌హ్యాండులో గిరాకీ తగ్గకపోవడానికి ఇదే కారణం. తర్వాతి తరం కాట్రిడ్జిల్లో పేజీలు లెక్కపెట్టే చిప్పు వచ్చింది. పొడి నింపితే చాలదు, చిప్పు కూడా మార్చాలి. దాంతో చిప్పులు అమ్మే కొత్త వ్యాపారం పుట్టింది. రంగుల ఇంకు ప్రింటర్లలో బయట సీసాలు తగిలించి గొట్టాలతో ఇంకు ఎక్కించే ఏర్పాటు ఆసియా దేశాల్లో ఎంతగా పాకిందంటే, ఎప్సన్ కంపెనీ 2010లో ఇండోనేషియాలో, ఆ వెంటనే భారతదేశంలో, తానే ఇంకు ట్యాంకు ప్రింటర్లు తెచ్చింది. కాట్రిడ్జి మీద లాభం వదులుకుని ప్రింటర్ ధర పెంచింది. చిన్న షాపుల మొండితనానికి ఒక పెద్ద కంపెనీ వ్యాపార పద్ధతినే మార్చుకున్న అరుదైన ఉదాహరణ ఇది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 2017లో లెక్స్‌మార్క్ కేసులో, అమ్మేసిన కాట్రిడ్జిని మళ్లీ నింపకుండా ఆపడానికి పేటెంటు హక్కు పనికిరాదని తేల్చింది.

తాగునీటి యంత్రాలు ఈ ప్రాంతానికి మరింత దగ్గరి సంగతి. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ పీడ దేశమంతటికీ తెలుసు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్‌తో పని జరిగే ఆ పద్ధతికి ఏ కంపెనీ తాళం లేదు, ఉండడానికి వీల్లేదు. మోతాదు కుదరడం, అడుగున చేరే బురదను రోజూ తీయడం ఇళ్లలో సాగక అది వెనకబడింది. హిందుస్థాన్ యూనిలివర్ దేశమంతా అమ్మిన ప్యూరిట్ యంత్రం దీనికి పూర్తిగా భిన్నం. అందులోని శుద్ధి కిట్టు గడువు తీరగానే నీరు రావడం దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ అదే కంపెనీ కిట్టు కొనాలి. పనిచేయని ఫిల్టర్ నీళ్లు తాగకుండా కాపాడే ఏర్పాటు అది. కొనుగోలుదారును కట్టిపడేసే ఏర్పాటు కూడా అదే. పైగా ఆ యంత్రం క్రిములను చంపుతుంది, ఫ్లోరైడును తీయదు.

ఫ్లోరైడుకు ఇళ్లలో పనికొచ్చింది ఆర్వో. ఇంటి ఆర్వో మెంబ్రేన్లు చాలావరకు 1812 అనే ఒకే కొలతలో వస్తాయి. పంపు, అడాప్టర్, గొట్టాలు, ఫిల్టర్ గిన్నెలు అన్నీ విడిగా దొరుకుతాయి. అందుకే బ్రాండు యంత్రాల పక్కనే స్థానికంగా బిగించిన ఆర్వోలు అమ్ముడుపోతాయి, బ్రాండు యంత్రానికి కూడా బయటి మెంబ్రేన్ వేయించుకునేవారు కోకొల్లలు. ఎవరూ ఉద్యమం చేయలేదు, ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. కొలత ఒకటే కావడంతోనే తాళానికి చోటు లేకుండా పోయింది. కొన్ని కంపెనీలు తమకే పట్టే ఆకారంలో ఫిల్టర్లు చేయడం మొదలుపెట్టింది కూడా అందుకే.

రోడ్డు పక్కన మెకానిక్ షెడ్లకు న్యాయపరంగా పెద్ద ఊరట 2014 ఆగస్టు 25న వచ్చింది. 2011లో ఒక వినియోగదారు చేసిన ఫిర్యాదు మీద భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను, లోపం కనిపెట్టే పరికరాలను తమ అధీకృత డీలర్లకు తప్ప బయటి మెకానిక్‌కు అందనివ్వకపోవడం పోటీ చట్టానికి విరుద్ధమని, వాటిని బహిరంగ మార్కెట్లో పెట్టాలని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. జరిమానా సంగతి ఎలా ఉన్నా, బయటి మెకానిక్‌కూ పరికరం దక్కాలన్న సూత్రం ఈ దేశంలో ఇంత గట్టిగా పలికిన ఆదేశం మరొకటి లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కార్బురేటర్ పోయి, బైకుల్లోకి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే ఈసీయూ కంప్యూటర్ వచ్చాయి. స్క్రూడ్రైవర్ తిప్పుతూ చెవితో ఇంజన్ కుదిర్చిన పాత మెకానిక్ ఇప్పుడు స్కానర్ కొనాలి, ఏడాదికోసారి దాని సాఫ్ట్‌వేర్ మార్చుకోవాలి.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద నిధి ఖరే అధ్యక్షతన కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు–ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు, ఈ నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబర్ 24న మరమ్మతు హక్కు పోర్టల్ మొదలైంది. కంపెనీల మాన్యువళ్లు, సర్వీస్ సెంటర్ల వివరాలు, వారంటీ షరతులు అందులో పెట్టారు. అధీకృత కేంద్రానికి దారి చూపడంలో పోర్టల్ పనికొస్తుంది. బయటి షాపుకు విడిభాగం ఇవ్వాలనీ, భాగాలను సీరియల్ నంబరుతో ముడిపెట్టకూడదనీ కంపెనీని నిర్బంధించే అధికారం దానికి లేదు. వస్తువును ఎంత తేలిగ్గా బాగు చేయవచ్చో మార్కులు వేసి పెట్టె మీద ముద్రించే సూచిక మీద మరో కమిటీ 2025 మే 3న నివేదిక ఇచ్చింది. అందులో ముందుగా తీసుకున్నవి మొబైళ్లు, ట్యాబ్లెట్లే.

తాళం ఇప్పుడు వైండింగ్ షాపు దాకా వచ్చింది. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరయ్యాక ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెరిగాయి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటే ఇది 30 వాట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. కరెంటు బిల్లు చూసుకునే ఇంటికి అది మంచి బేరమే. ఈ ఫ్యానులో కూడా రాగి చుట్టలున్నాయి. అవి కాలితే చుట్లు లెక్కపెట్టి మళ్లీ చుట్టవచ్చు. ఎక్కువగా పోయేది మాత్రం చుట్టలు కాదు, వాటిని నడిపే చిన్న బోర్డు. దానిమీది కంట్రోలర్ చిప్పులో ఏ ప్రోగ్రాం ఉందో విప్పి చూస్తే తెలియదు. కంపెనీకో బోర్డు, కంపెనీకో రిమోట్. అన్ని ఫ్యాన్లకూ పడతాయనే బోర్డులు, రిమోటుతో సహా, ఇప్పటికే మార్కెట్లో అమ్ముతున్నారు. వాటిలో ఏది ఏ మోటారుకు కుదురుతుందో వైండింగ్ షాపులవాళ్లు ఒక్కొక్కటి బిగించి చూసి తెలుసుకుంటున్నారు.